బెల్జియం ఆవిడతో లేసు ఊళ్ళకి

మద్రాసులో మా ఆఫీసు మేడ మీద లేసు విభాగం అని ఒక గది ఉంది. విభాగం అంటే నేనొక్కదాన్నే. గోదావరి జిల్లాల ఆడవాళ్ళు చేత్తో అల్లిన లేసు టేబుల్ గుడ్డలూ, పళ్ళేల కింద వేసుకునే గుండ్రటి మ్యాట్లూ ఐరోపాకి పంపుతుంటాం. కొనేవాళ్ళతో ఇంగ్లీషులో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడం నా పని. ఆరేళ్ళుగా అదే చేస్తున్నా ఆ లేసు పుట్టే చోటు నేను చూడలేదు. మాది చిత్తూరు జిల్లా, పుత్తూరు పక్క పల్లె. గోదావరిని రైలు కిటికీలోంచి కూడా చూసి ఎరగను.

చూడాల్సిన అవసరం మొన్న మార్చిలో వచ్చింది. మా సరుకులో సగానికి పైగా కొనే బెల్జియం కంపెనీ నుంచి మార్తా అనే ఆవిడ వస్తున్నట్టు తెలిసింది. ఇక ముందు మన దగ్గర కొనాలా, మానేయాలా అని తేల్చుకోవడానికి వస్తోంది. సంగతేమిటంటే, ఐరోపాలో కొన్ని దేశాలు కలిసి ఉమ్మడి మార్కెట్ పెట్టుకున్నాయి. పై దేశాల సరుకు రానివ్వడంలో వాళ్ళందరిదీ ఒకే మాట. ఆ ఉమ్మడి మార్కెట్ చైనాతో వ్యాపారానికి ఒప్పందం చేసుకుంది. అన్నాళ్ళూ తలుపులు మూసుకుని ఉన్న చైనా ఇప్పుడు ఓడలు నింపి పంపుతోంది. అందులో చేత్తో అల్లిన లేసు కూడా ఉంది. మనదానికన్నా చవక.

మా యజమాని నన్ను పిలిచారు. "అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళు గడప దాటి రారు. వాళ్ళ ఇళ్ళలోకి పరాయి మగవాడు పోకూడదు. కాబట్టి ఆవిణ్ణి నువ్వే తీసుకెళ్ళి చూపించాలి. ఈ ఆర్డరు పోతే ఆ గది మూసెయ్యక తప్పదు," అన్నారు. నేను తలూపాను. పోనివ్వకూడదని గట్టిగా అనుకునే మార్తాతో కలిసి రైలెక్కాను.

రాజమండ్రి

కొవ్వూరు దాటాక తెల్లవారుతుండగా రైలు వంతెన ఎక్కింది. ఎంతసేపు పోయినా అవతలి గట్టు రాలేదు. మా ఊళ్ళో ఏరంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఇసకే. ఇంత నీళ్ళు ఒక్కచోట చూడటం నాకదే మొదలు. తోటి ప్రయాణికులు కిటికీల్లోంచి చిల్లర డబ్బులు నదిలోకి విసురుతున్నారు. మార్తా నా చెవి దగ్గరికి వంగి, "వంతెన దాటినందుకు పన్నా?" అని అడిగింది. హాస్యానికి కాదు. ఆవిడ ఏది అడిగినా తెలుసుకోవడానికే అడుగుతుంది. యాభై దాటిన మనిషి, పొడుగ్గా ఉంటుంది, నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. భుజానికి ఒక గుడ్డ సంచీ. నిద్రలో కూడా దాని మీద చెయ్యి తియ్యదు.

స్టేషను ఎదుట హోటల్లో పెసరట్టు తెప్పించాను. మడత విప్పితే లోపల ఉప్మా. మా వైపు ఈ రెండూ ఒకే పళ్ళెంలోకి వచ్చిన జ్ఞాపకం లేదు. అల్లం పచ్చడి మార్తా కళ్ళలో నీళ్ళు తెప్పించినా ఆవిడ చివరిదాకా తిన్నది. కాఫీలతో కలిపి ఇద్దరికీ ఐదు రూపాయలు కూడా కాలేదంటే లెక్క తప్పేమోనని మళ్ళీ అడిగించింది.

ఈ ఊళ్ళో అందరూ అందరినీ "అండి" అంటారు. రిక్షా అతను నన్ను అన్నాడు, నేనూ అతన్ని అన్నాను. హోటలాయన బల్లలు తుడిచే మనిషితో "ఇటు కూడా తుడవండి" అన్నారు. మా వైపు ఇంత మర్యాద పెళ్ళిచూపుల్లో తప్ప వినపడదు.

నరసాపురంలో మా కోసం లేసు పోగుచేసి పంపే వర్తకుడు వెంకటరత్నం గారు. ఆయన పంపిన అంబాసిడరు కారు హోటలు ముందే నిలబడి ఉంది. డ్రైవరు నూకరాజు నలభై ఏళ్ళ మనిషి. "సూటిగా వెళ్తే మధ్యాహ్నానికి చేరిపోతామండి. కానీ అమ్మగారికి మన దేశం చూపించమన్నారండి మా షావుకారు. అంచేత లంకల మీదుగా తిప్పి తీసుకెళ్తానండి," అన్నాడు. దొరసాని మెత్తబడాలని వెంకటరత్నం గారి ఎత్తు అని నాకు అర్థమైంది. మంచిదే అనుకున్నాను.

కడియం

తిప్పుదామనుకున్న కారు కడియం దాటకుండానే ఆగిపోయింది. ముందు నుంచి పొగ. "ఆయ్, గాభరా పడకండి. ఇంజనుకి దాహమేసిందండి, అంతే," అంటూ నూకరాజు డబ్బా పట్టుకుని కాలవలోకి దిగాడు.

రోడ్డుకి రెండు పక్కలా మొక్కలే. గులాబీలు, క్రోటన్లు, అంటు మామిళ్ళు, నాకు పేర్లు తెలియనివి ఎన్నో. ఒక లారీలోకి ఆడవాళ్ళు వరసగా నిలబడి మొక్కలు అందిస్తున్నారు. నిలువునా నింపేసిన ఆ లారీ నాగపూరు వెళ్తుందట. తోట యజమాని తలపాగా తీసి మొహం తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. మార్తా ఆయన్ని అడగమన్నది: వరి పండే నేలలో ఈ మొక్కలు ఎందుకు?

"ముందు మేం పువ్వులు వేసేవాళ్ళమండి," అన్నారాయన. "బాగానే ఉండేది. తర్వాత చుట్టుపక్కల అందరూ పువ్వులే వేశారు. బుట్ట తీసుకెళ్తే అడిగేవాడు లేకపోయాడు. అప్పుడు మొక్కలే అమ్ముదామని మొదలెట్టాను."

"మార్చడానికి ఎంతకాలం పట్టింది?" అన్నది మార్తా.

"మా నాన్న తిట్టినన్నాళ్ళు పట్టిందండి."

తర్జుమా చేశాను. మార్తా మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. ఆయన ఆవిడకి ఎర్రాకుల క్రోటన్ ఒకటి ఇచ్చారు. వద్దని చెప్పబోయి, ఆయన మొహం చూసి తీసుకుంది. కారు కుదిపినప్పుడల్లా కుండీలోని మట్టి నా చీర మీద పడుతూనే ఉంది.

ఆత్రేయపురం

ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఆత్రేయపురం చేరేసరికి ఎండ ముదిరింది. పూతరేకులు చేసే ఇంటికి నూకరాజే తీసుకెళ్ళాడు. మట్టికుండ బోర్లించి కింద కొబ్బరి మట్టలు మండిస్తున్నారు. ఇంటావిడ పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క దులుపు దులిపింది. కన్ను మూసి తెరిచేలోగా కాగితంలాంటి రేకు ఊడి వచ్చింది. దాని మీద నెయ్యి, బెల్లం పొడి వేసి మడిచి చేతిలో పెట్టింది. నోట్లో ఉన్నదో లేదో తెలియకుండా కరిగిపోయింది. మా నాన్న ఉంటే, ఇది తిని పొలానికి వెళ్తే గట్టు దాటేలోగా ఆకలేస్తుందనేవాడు. సంగటి తిని పెరిగినవాళ్ళం మరి.

మార్తా తినడం కన్నా చూడటమే ఎక్కువ చేసింది. ఆరబెట్టిన రేకుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు వేలితో తడిమింది.

"అన్నీ ఒకే కొలత," అన్నది నాతో. "కుండ ఒక్కటే కాబట్టి. మీ లేసుకి ఈ కుండ లేదు."

కారులో కూర్చున్నాక విప్పి చెప్పింది. ధర గురించి అందరూ మాట్లాడతారు గానీ ఆవిడ కంపెనీకి అసలు చిక్కు వేరే. మా పెట్టెల్లో వచ్చే మ్యాట్లు ఒకటి అరచేతి మందం పెద్దది, ఒకటి చిన్నది. జత కుదరక దుకాణాల వాళ్ళు తిప్పి పంపుతున్నారు. చైనావి పేర్చి పెడితే అంచులన్నీ ఒక్క గీతలో ఉంటాయి. ఆవిడ పోయినేడు చైనా వెళ్ళి చూసింది. ఆడవాళ్ళంతా ఒక పెద్ద హాల్లో కూర్చుని, ఒకే నమూనా ఎదురుగా పెట్టుకుని, ఒకే రకం సూదితో అల్లుతున్నారట.

"ఇక్కడ ఎవరి ఇంట్లో వాళ్ళు అల్లుతారు," అన్నాను.

"అదే చూడటానికి వచ్చాను," అన్నది.

ఇన్నాళ్ళూ ఆవిడకి నేను పంపిన జవాబుల్లో ధర సంగతే ఉండేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఒక కొస దొరికింది.

సఖినేటిపల్లి రేవు

ఆ రాత్రి రాజోలు ట్రావెలర్స్ బంగళాలో పడుకుని పొద్దున్నే సఖినేటిపల్లి రేవుకి వచ్చాం. ఇక్కడ వసిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. కారుని, మనుషుల్ని, కొబ్బరికాయల గుట్టల్ని, ఒక ఆవుని, దూడని, అందరినీ కలిపి పంటు అనే పెద్ద బల్లకట్టు మీద ఎక్కించారు. సగం దూరం పోయాక అడుగున ఏదో గీసుకున్న చప్పుడైంది. ఇసకమేట. సముద్రపు పోటు వచ్చి నీరు లేస్తే గానీ కదలదన్నారు. ఎవరూ విసుక్కోలేదు. కొబ్బరికాయల మనిషి గుట్టమీదే తువాలు పరుచుకుని పడుకున్నాడు.

పంటు అంచున ఒకావిడ లేసు అల్లుకుంటూ కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పక్కన రెండు సంచులు, ఒకదాన్లో దారం ఉండలు, ఒకదాన్లో అల్లిన లేసు. ఆవిడ ముందు మార్తాని చూసింది, తర్వాత నన్ను.

"ఈ దొరసానమ్మ ఎవరండి?"

"బెల్జియం నుంచి వచ్చారండి. లేసు వ్యాపారం."

సూది ఆగింది. "మన లేసు వద్దంటున్నది ఈవిడేనా?"

అప్పటికే ఆ మాట రేవు దాకా వచ్చేసిందన్నమాట. ఆవిడ పేరు సత్యవతి. నరసాపురానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. ఊరి పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. వ్యవసాయ కుటుంబం. ఎద్దు పొడిచి భర్త నడుం పడిపోయాక, వెంకటరత్నం గారి దగ్గర దారం తీసుకుని గోదావరికి రెండు పక్కలా ఇంటింటికీ పంచి, అల్లిన లేసు తిరిగి అప్పజెప్పే పని పట్టుకుంది. వాళ్ళ వీధిలో బయట తిరిగే ఆడది ఆవిడొక్కతే.

"ఆ చైనాలో అల్లేది మిషన్లా అండి, మనుషులా?" అని అడిగింది.

మార్తా చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. మనుషులే. ఆడవాళ్ళే, అందరూ ఒక పెద్ద హాల్లో కూర్చుని. పిల్లలు పక్కన ఆడుకుంటూ ఉంటారు. మధ్యలో ఆగి టీ తాగుతారు.

"వాళ్ళకీ మెడలు లాగుతాయా?"

మార్తా తలూపింది. "నేను చూసినంతసేపూ ఎవరో ఒకరు మెడ రుద్దుకుంటూనే ఉన్నారు."

సత్యవతి గారు తన మెడ మీద చెయ్యి వేసుకుంది. "అయితే మనలాంటి వాళ్ళే. వాళ్ళు చెయ్యగలిగింది మనం ఎందుకు చెయ్యలేమో నాకు తెలియాలండి. ఈవిణ్ణి మా ఊరు తీసుకురండి. షావుకారు గారి మేడలో కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

నీరు లేచి పంటు కదిలేసరికి మార్తా ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ సూదిని తన సంచీలోని సూదితో పోల్చి చూస్తోంది.

నరసాపురం

వెంకటరత్నం గారింట్లో భోజనం అరిటాకు నిండా వడ్డించారు. పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశారు. మా అమ్మకి చెప్తే నమ్మదు, పనసకాయని పొట్టులా కొట్టి వండుతారని. మార్తా రెండోసారి అడిగి వేయించుకుంది.

భోజనాలయ్యాక గిడ్డంగి చూపించారు. లేసు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తున్నారు. ఆ తర్వాత ముందు గదిలో కూర్చోబెట్టి ఆయన నాతో తెలుగులో అన్నారు: "చైనా ధరకే ఇస్తామని చెప్పండమ్మా. ఆడాళ్ళ కూలి కాస్త తగ్గిస్తే సరిపోతుంది. వాళ్ళేమీ అనరండి. ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసుకునేదే కదా."

ఆయన చెడ్డవారు కాదు. తండ్రి నాటి వ్యాపారం చేజారిపోతుందన్న భయం మొహంలో కనపడుతోంది. నేను చెప్పాల్సింది ధర మాట ఒక్కటే. కానీ ఆయన అన్నదంతా, "వాళ్ళేమీ అనరు" అన్న ముక్కతో సహా, ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట మింగెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

మార్తా తన గ్లాసు కింద పెట్టింది. "ధర నాకు ముఖ్యమే. కానీ జత కుదరని మ్యాట్లు ఊరికే ఇచ్చినా నేనేం చేసుకోను?"

ఆ మాట తెలుగులో చెప్పి, నేను ఇంకొకటి కలిపాను. "రేపు మేం సత్యవతి గారి ఊరు వెళ్తామండి. కూలి సంగతి అంతవరకు కదపకండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఉద్యోగం చేసే పిల్ల ఇలా మాట్లాడుతుందని అనుకోలేదేమో. "అలాగేనండి," అన్నారు చివరికి.

ఊరి పేరు రాయొద్దన్న చోట

కాలవ గట్టు మీద ఊరు. చుట్టూ నీళ్ళే గానీ తాగే నీళ్ళకి మాత్రం మగవాళ్ళు కావిళ్ళతో దూరం పోవాలి, నుయ్యి తవ్వితే ఉప్పు. మా ఊళ్ళో నీళ్ళే కరువు. వీళ్ళకి నీళ్ళ మధ్య దాహం.

ఇంటింటికీ తిరిగాం. వంటింటి గుమ్మంలో ఒకరు, పెరట్లో గేదె పక్కన ఒకరు, ఉయ్యాల ఊపుతూ ఒకరు అల్లుతున్నారు. ఒకరి సూది లావు, ఒకరిది సన్నం. ఒకరు దారం బిగించి లాగుతారు, ఒకరు వదులుగా. ఒకే మ్యాటు ఇంటికో కొలత ఎందుకవుతోందో అడగకుండానే తెలిసిపోయింది.

మధ్యాహ్నం సత్యవతి గారి ఇంట్లో రొయ్యల ఇగురుతో అన్నం తిన్నాక నేను చైనా హాలు సంగతి మళ్ళీ ఎత్తాను. ఆవిడ ముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. "మా ధాన్యం కొట్టు ఖాళీగా ఉంది. మిల్లుకి తోలేశారు. కోతల దాకా అందులో కూర్చోవచ్చు. కానీ బావగారు ఒప్పుకోవాలి."

బావగారంటే భర్త అన్నగారు, సుబ్బారాయుడు గారు. ఇంటి పెద్ద. అరుగు మీద కూర్చుని ఉన్నారు. తమ్ముడి భార్య ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆవిడ తలుపు వెనక నిలబడి నాతో చెప్పడం, నేను గుమ్మంలో నిలబడి ఆయనతో అనడం. ఇద్దరికీ ఇద్దరి మాటలూ స్పష్టంగా వినపడుతూనే ఉన్నాయి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చెయ్యడానికి వెళ్ళిన నేను తెలుగు నుంచి తెలుగులోకి చేశాను.

"మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పగటిపూట వీధిలో నడిచి పనికెళ్ళడం అనేది లేదండి," అన్నారాయన.

"వీధిలో నడవక్కర్లేదని చెప్పండమ్మా," అన్నది తలుపు వెనక గొంతు. "పెరళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. దడుల్లో మనిషి పట్టే సందు తీస్తే చాలు."

"దడులు తీస్తే గేదెలు కలిసిపోతాయండి."

"తడికలు కట్టుకుంటామని చెప్పండి."

"నలుగురూ ఏమంటారో చూసుకోవాలి కదండి."

తలుపు రెక్క కొంచెం తెరుచుకుంది. "ఆర్డరు పోతే ఆ నలుగురి ఇళ్ళల్లోనూ పోతుంది. అది కూడా చెప్పండి."

సుబ్బారాయుడు గారు భుజం మీద కండువా సర్దుకుని లేచారు. "నేను సరేననలేదు. వద్దని కూడా అనలేదు," అని నాకు చెప్పి చేలోకి వెళ్ళిపోయారు.

అంతే చాలనుకున్నది సత్యవతి గారు. మర్నాడు మేం వచ్చేసరికే కత్తి పట్టుకుని తమ పెరటి తాటాకు దడి కోసేస్తోంది. పక్కింటి ఇల్లాలు అటువైపు నుంచి కోస్తోంది. కొట్టు ఊడ్చి నీళ్ళు చల్లారు. వెలుతురు చాలకపోతే కప్పు పెంకులు కొన్ని పక్కకి జరిపారు. తర్వాత అందరూ ఎవరి దడి సందులో వాళ్ళు నిలబడ్డారు. ముందు అడుగు ఎవరూ వెయ్యడం లేదు. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని గుసగుసలు. ఆర్డరు మాట అటుంచి, ఈ కొన్ని గజాలు వీళ్ళు దాటితే చాలని నాకు అనిపించింది.

ముందు దాటింది లక్ష్మీకాంతం గారు. సుబ్బారాయుడు గారి తల్లి, సత్యవతి గారికి అత్తగారు. డెబ్భై ఏళ్ళ పైమాట. తన పీట తనే పట్టుకుని వచ్చి కొట్టు మధ్యలో వేసుకుని కూర్చుంది. "ఎండెక్కుతోంది, రండర్రా," అన్నది. ఆవిడ వెనకే ఒక్కొక్కరే వచ్చారు.

ఊడ్చిన నేల మీద మార్తా వాళ్ళతో పాటే కూర్చుంది. తన దగ్గరున్న సూదులు పంచింది, చాలనివాళ్ళకి ఉన్నవాటిలో దగ్గరి సైజువి ఏరి ఇచ్చింది. అందరికీ ఒకే మ్యాటు, ఎదురుగా ఒకే నమూనా. సాయంత్రం ఒకదాని మీద ఒకటి పేర్చారు. మునుపటికన్నా నయమే గానీ కుదరలేదు. అన్నిటికన్నా పెద్దది ఎవరిదని చూస్తే సత్యవతి గారిది. అందరూ నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ మొహం ఎర్రబడింది. ఆ మ్యాటు కొస పట్టుకుని లాగి, రోజంతా అల్లిందాన్ని అందరి ముందూ విప్పేసి, దారం ఉండ చుట్టుకుని మళ్ళీ మొదటి గొలుసు వేసింది. నవ్వులు ఆగిపోయాయి. ఇంకో ఇద్దరు కూడా విప్పడం మొదలెట్టారు.

అప్పుడు మార్తా సంచీలోంచి చైనా మ్యాటు తీసి సత్యవతి గారి చేతికిచ్చింది. అది చేతులు మారుతూ లక్ష్మీకాంతం గారి దగ్గరికి వచ్చింది. ఆవిడ తిరగేసి, అల్లిక ఏ వైపు తిరిగిందో చూసి, "ఈ పిల్లది కూడా నాలాగే ఎడం చేతి వాటం," అన్నది. కాసేపు ఒళ్ళో పెట్టుకుని నిమిరి పక్కనున్న ఆవిడకి ఇచ్చింది. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్తే మార్తా తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకుంది.

రెండో రోజు సాయంత్రానికి పేర్చిన మ్యాట్ల అంచు దాదాపు ఒక్కటైంది. మార్తా మోకాళ్ళ మీద వంగి అన్ని వైపుల నుంచీ చూసింది. "ఒక్క పెట్టె," అన్నది. "పాత ధరకి. కుదిరితే ఇంకొకటి. నేను ఇంతకన్నా మాట ఇవ్వలేను."

వీధి దారి

ఆ మర్నాడు మేం బయలుదేరే రోజు. పొద్దున్నే మమ్మల్ని కొట్టు దగ్గర దింపి వెళ్ళిన నూకరాజు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. షావుకారు గారు కబురు పంపారు: పెట్టె ఒక్కటే కాబట్టి, ముందుముందు చైనాతో పోటీ పడాలి కాబట్టి, కూలి తగ్గించక తప్పదట.

సత్యవతి గారు విని చేతిలో లేసు మడిచి పెట్టింది. "నేనొక్కదాన్నే వెళ్తే మంచి మాటలు చెప్పి పంపేస్తారు. అందరం వెళ్దాం."

"వీధిలోంచా?" అన్నారెవరో.

"నరసాపురం దాకా పెరళ్ళు లేవు కదే."

తలల మీద కొంగులు లాక్కుని బయటికి వచ్చారు. కొందరు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు, వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. మిగిలినవాళ్ళం కాలవ గట్టు మీద నడిచాం. లక్ష్మీకాంతం గారిని మాత్రం బలవంతంగా కారెక్కించారు, మార్తా ఆవిడ పక్కన కూర్చుంది. ఇళ్ళ అరుగుల మీది మగవాళ్ళు మాట్లాడుకోవడం మానేసి చూశారు. ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళై వచ్చాక ఈ గట్టు చూడటం ఇదే మొదటిసారట, కాలవ ఇంత వెడల్పని తెలియదట.

లాకుల దగ్గర టీ కొట్టులో సుబ్బారాయుడు గారు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూశారు. నా పక్కన నడుస్తున్న సత్యవతి గారి అడుగు తడబడింది గానీ ఆగలేదు. మేం దాటిపోయాక వెనక్కి చూస్తే ఆయన గొడుగు వేసుకుని, కొంత దూరంలో, మా వెనకాలే వస్తున్నారు.

వెంకటరత్నం గారి ముందు గది ఆడవాళ్ళతో నిండిపోయింది. ఆయన లేచి నిలబడ్డారు. వరండాలో గొడుగు ముడుస్తున్న మనిషిని చూసి, "ఏంటండి సుబ్బారాయుడు గారూ, మీరు కూడానా?" అన్నారు.

"నాకేమీ తెలీదండి. ఎండగా ఉందని వచ్చాను," అన్నారాయన.

సత్యవతి గారు నన్ను ముందుకి రానివ్వలేదు. తనే మాట్లాడింది. "కొలత మా తప్పండి. అది మేం దిద్దుకుంటున్నాం. అడిగినన్నిసార్లు విప్పి అల్లుతాం. కూలి మాత్రం తగ్గనివ్వం. తగ్గిస్తే ఈ పెట్టెకి దారం తీసుకోం."

వెంకటరత్నం గారు మార్తా వైపు చూశారు, నా వైపు చూశారు. నేను ఆ మాటలు ఇంగ్లీషులోకి చేస్తూనే ఉన్నాను. "పాత ధరకే కొంటానని నేను చెప్పాను కదా," అన్నది మార్తా. ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు తల గోక్కున్నారు. ఆఖరికి లోపలికి కేకేసి, దారం తూచి ఇమ్మన్నారు, పాత లెక్కకే.

మా రైలు టైము అయిపోతోంది. వీడ్కోళ్ళు అవీ ఏమీ జరగలేదు. వాళ్ళు దారం పంచుకునే హడావిడిలో ఉన్నారు.

తర్వాత

తిరిగొచ్చి నాలుగు నెలలైంది. వెళ్ళనివాళ్ళు నన్ను గోదావరి ఎలా ఉందని అడుగుతారు. పెద్దగా ఉందని చెప్తాను. నాకు గుర్తున్నది కాలవ గట్టు.

మొదటి పెట్టె వెళ్ళింది. ఒక్క మ్యాటూ తిరిగి రాలేదు. రెండో ఆర్డరు వచ్చింది. అయితే ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను: మార్తా కంపెనీ ఇదివరకు మా దగ్గర కొన్నంత ఇప్పుడు కొనడం లేదు. ఎక్కువ భాగం చైనా నుంచే తెప్పిస్తోంది. ఉమ్మడి మార్కెట్టూ చైనావాళ్ళూ మాట్లాడుకున్న చోట మన లేసు గురించి ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడరు కూడా. మా గది ఇంకా మూయలేదు, అంతవరకే.

కిందటి వారం నరసాపురం నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. సత్యవతి గారు. వెంకటరత్నం గారి ఫోను. గొంతు గట్టిగా అరుస్తున్నట్టుంది, దూరం కదా అని. కొట్టులోకి కొత్త పంట వచ్చేలోగా పక్కన పాక వేసుకుంటున్నారట. సుబ్బారాయుడు గారు తాటాకు ఇచ్చారట. ఆర్డరు తగ్గిన సంగతీ, ఐరోపా ఉమ్మడి మార్కెట్ చైనాతో చేసుకున్న ఒప్పందం సంగతీ నేను మెల్లిగా చెప్పాను.

"తెలుసండి," అన్నది ఆవిడ. "ఆ ఉమ్మడి మార్కెట్లో దేశాలు ఎన్నండి?"

"పది."

"ఈవిడది ఒక్క దేశమేగా?"

"ఒక్కటే."

"అయితే మిగతా తొమ్మిదింటికీ రాయండి. చైనావాళ్ళు వాటికీ వెళ్ళేలోగా."

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. ముందు డెన్మార్కు.